దొంగ గుక్క

బ్రేకు మీద కాలు పెట్టానో లేదో నాకు తెలియలేదు. కిందికి చూస్తే కాలు అక్కడే ఉంది. చెప్పు వేసుకుని, శుభ్రంగా, నాదే. కానీ అరికాలి కింద ఏముందో నాకు చెప్పడం మానేసింది.

మా అబ్బాయి స్కూలు ముందు, పిల్లల్ని ఎక్కించుకునే కార్ల వరసలో ఉన్నాను. స్కూలు వదిలే వేళకి మేముండే ఫ్రిస్కోలో ఎక్కడ చూసినా అదే వరస, అదే నత్తనడక. ముందున్న తెల్లకారు ఆగింది. నేను తొక్కాను. తొక్కాననుకున్నాను. నా బండి మాత్రం మెల్లగా ముందుకు జరుగుతూనే ఉంది. ఆ తెల్లకారు వెనకద్దంలోంచి ఒక చిన్నపిల్ల నాకు చెయ్యి ఊపుతోంది. చివరికి వంగి, కుడి మోకాలిని చేత్తో కిందికి అదిమితే జానెడు దూరంలో బండి ఆగింది. నాకు ముచ్చెమటలు పోశాయి.

పక్కనున్న పార్కింగులోకి ఎలా తిప్పానో దేవుడికే తెలియాలి. ఇంజను ఆపి మా ఆయనకి ఫోన్ చేశాను.

"నా కాలు లేదు," అన్నాను.

"కాలు లేకపోవుడేంది? ఏమంటున్నవ్?" మా ఆయనది కరీంనగర్. కంగారు పడితే ఆఫీసు ఇంగ్లీషూ, నా దగ్గర నేర్చుకున్న గుంటూరు మాటలూ అన్నీ ఎగిరిపోయి సొంత భాష ఒక్కటే మిగులుతుంది.

"ఉంది. ఉన్నట్టు నాకు తెలియడం లేదు."

"ఆడ్నే ఉండు. కదలకు. నేనొస్తున్న."

మా వాడికి అప్పుడు ఏడేళ్ళు. బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చి కారెక్కి, "అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?" అన్నాడు. "ఏడవట్లేదు, నోరుమూసుకుని బెల్టు పెట్టుకో," అన్నాను. ఆగి ఉన్న బండిలో బెల్టెందుకని అడగలేదు వాడు. మెదలకుండా పెట్టుకున్నాడు.

నిజానికి తిమ్మిర్లు మొదలై అప్పటికే రెండు మూడు రోజులైంది. ముందు కాలివేళ్ళు, ఆ తర్వాత చేతివేళ్ళు. లాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని వచ్చాయనుకున్నాను. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక్క ముక్క రాశానో లేదో, ఒక్కొక్కరూ ఒక్కో డాక్టరైపోయారు. బీ ట్వెల్వ్ తక్కువై ఉంటుంది, మనవాళ్ళందరికీ తక్కువే అని అందరిదీ ఒకటే మాట. వారానికి నాలుగు రోజులు కోడికూర తినే దానికి బీ ట్వెల్వ్ ఎందుకు తగ్గుతుందని అడిగే తెలివి ఎవరికీ లేకపోయింది, నాతో సహా. ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా సూట్‌కేసులో నింపుకొచ్చే మాత్రల డబ్బా ప్రతి తెలుగింట్లో ఉన్నట్టే మా వంటింట్లోనూ ఉంది. అందులోంచి ఎర్ర మాత్రలు తీసి పూటకొకటి మింగాను. మెట్లెక్కుతుంటే తొడలు వణికాయి. అది మొన్న వచ్చిపోయిన జ్వరం తాలూకు నీరసమని సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఎమర్జెన్సీలో ఒక కుర్ర డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో నా మోకాలి చిప్ప కింద కొట్టింది. ఆ దెబ్బకి కాలు దానంతటదే ఎగరాలట. ఎగరలేదు. రెండో మోకాలు కొట్టింది. మడమ దగ్గర కొట్టింది. మోచేతుల దగ్గర కొట్టింది.

"సుత్తి మార్చి చూడండి," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బయటికి వెళ్ళి పెద్ద డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయనా కొట్టాడు. నా కాళ్ళు ఎవరివో అయినట్టు మంచం మీద పడి ఉన్నాయి. అంతవరకూ నాకున్నది కంగారు. అప్పుడేసింది భయం.

"ఈమధ్య జ్వరంగానీ, జలుబుగానీ వచ్చిందా?" అని అడిగాడాయన.

"రెండు వారాల కింద వైరల్ ఫీవర్ వచ్చింది. మా బాబు స్కూల్ నుంచి తెచ్చాడు. వాడి నుంచి ఈమెకి," అని మా ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. మా వాడు మూలన కుర్చీలో కూర్చుని ట్యాబ్ చూసుకుంటున్నాడు. ఆ తర్వాత కాసేపటికి మా స్నేహితురాలు వచ్చి వాణ్ణి వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాళ్ళ పిల్లా మా వాడూ ఒకే క్లాసు.

నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీశారు. ఇంకా ఏవేవో పరీక్షలు చేశారు. జబ్బు పేరు గియాన్ బారే అన్నారు. నాకు నోరు తిరగడానికే ఒక పూట పట్టింది. జ్వరం తెచ్చిన వైరస్‌ని చంపడానికి నా ఒంట్లో తయారైన సైన్యం, వైరస్ పోయాక ఊరుకోకుండా నా నరాల మీదే పడిందట. నరాల పైతొడుగుని కొరుక్కు తింటోందట. ఇక్కడ ప్రతివాళ్ళూ కరెంటు తీగ పోలిక చెప్పారు. తీగ మీద ప్లాస్టిక్ పోతే కరెంటు సరిగ్గా వెళ్ళదు కదా, అలాగే మీ మెదడు పంపే కబుర్లు కండరాలకి అందడం లేదని డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, స్ట్రెచరు తోసుకెళ్ళిన మనిషి కూడా చెప్పాడు. మూడోసారికి నాకు ఒళ్ళు మండింది. తీగ సంగతి సరే, తగ్గుతుందా లేదా అది చెప్పండి అన్నాను.

"చాలామందికి తగ్గుతుంది," అన్నాడు పెద్ద డాక్టరు. "కానీ తగ్గేముందు పెరుగుతుంది. కింద నుంచి పైకి ఎక్కుతుంది."

"ఎందాకా?"

"కొందరికి మోకాళ్ళ దగ్గరే ఆగుతుంది. కొందరికి ఊపిరి ఆడించే కండరాల దాకా వెళ్తుంది. మీకెక్కడ ఆగుతుందో ముందుగా చెప్పలేం. అందుకే ఇక్కడే ఉంచి చూస్తూ ఉంటాం."

అదీ మాట. ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. మందు మొదలుపెట్టారు. ఎవరెవరో దానం చేసిన రక్తంలోంచి తీసిన మందట, సీసాలు సీసాలు నా చేతి నరంలోకి ఎక్కిస్తున్నారు. అది పనిచేయడానికి టైం పడుతుందన్నారు. అంటే ఒకవైపు మందు దిగుతోంది, ఇంకోవైపు జబ్బు ఎక్కుతోంది, మధ్యలో నేను. ఇంట్లోకి వరద నీళ్ళొస్తుంటే ఏ మెట్టు దాకా వచ్చాయో చూసుకున్నట్టు గంటగంటకీ నన్ను నేను చూసుకునేదాన్ని. పొద్దున్న మడమ కదిలేది. మధ్యాహ్నానికి కదల్లేదు. మర్నాడు మోకాలు మడవలేకపోయాను. ఆ మర్నాడు మంచం మీద పక్కకి ఒత్తిగిల్లలేకపోయాను. చెయ్యి జాపితే గ్లాసు అందేది, పట్టు మాత్రం చిక్కేది కాదు. నర్సు దుప్పటి సర్దుతుంటే నా కాలు మీద ఆమె చెయ్యి ఎక్కడుందో కళ్ళు మూసుకుంటే తెలిసేది కాదు.

భయమంటే గుండె దడదడలాడటం అనుకునేదాన్ని. కాదు. ఆ గదిలో నాకున్న భయానికి చప్పుడే లేదు. కదలకుండా పడుకుని ఊపిరి లోపలికి వెళ్తోందా, బయటికి వస్తోందా అని కాపలా కాయడమే. నిద్రపోతే కాపలా ఎవరు కాస్తారని నిద్ర కూడా పోయేదాన్ని కాదు.

వాళ్ళు పూటపూటకీ ఊపిరి కొలిచేవాళ్ళు. మొదట్లో నోట్లో ఒక గొట్టం పెట్టి లోపలికి పీల్చమనేవాళ్ళు, మెషీన్ అంకె చూపించేది. మూడో రోజుకల్లా నా మూతి జారింది. నవ్వితే ఒకవైపే నవ్వొచ్చేది, నీళ్ళు తాగితే పక్కనుంచి కారేవి. పెదాలు గొట్టం చుట్టూ బిగుసుకోకపోతే ఆ మెషీన్ అంకెను నమ్మలేమన్నారు. అప్పట్నించి ఇంకో పద్ధతి కూడా పెట్టారు. నిండా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా, ఒకే గుక్కలో వన్, టూ, త్రీ అంటూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఎందాకా వెళ్తే అంత బలం ఉన్నట్టు.

"ఈ లెక్క బాగా తగ్గిపోతే ఏం చేస్తారు?" అని నర్సుని అడిగాను.

"కంగారు పడకు. కొన్నాళ్ళు వెంటిలేటర్ సాయం తీసుకుంటాం," అంది చాలా మామూలుగా.

కొన్నాళ్ళట! సాయమట! ఆమెకేం తెలుసు. కరోనా రోజుల్లో మా బాబాయి తన కాళ్ళతో తాను నడిచి ఆస్పత్రికెళ్ళాడు. ఆదివారానికి వచ్చేస్తా, చేపలు తెప్పించి ఉంచండని పిన్నికి ఫోన్ కూడా చేశాడు. ఆ సాయంత్రం వెంటిలేటర్ ఎక్కించామన్నారు. అంతే, మళ్ళీ బాబాయి గొంతు ఎవరూ వినలేదు. ఆ ఏడాది మా చుట్టాల్లో ఆ మాట ఎవరింటికొస్తే ఆ ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. వెంటిలేటర్ అంటే మందు కాదు మాకు. ఇక రారని చెప్పడానికి డాక్టర్లు వాడే మర్యాద మాట. నా మంచం పక్కన నిలబడి ఆ నర్సు ఆ మాట అంటుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే నాకు కబడ్డీ గుర్తొచ్చింది.

మాది పల్నాడులో చిన్న ఊరు. హైస్కూల్లో మా అక్క కబడ్డీ టీముకి కెప్టెను, నేను కూతకెళ్ళేదాన్ని. అవతలి కోర్టులో ఉన్నంతసేపూ గుక్క తిప్పుకోకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. గుక్క తెగితే అవుట్. అక్క నాకో విద్య నేర్పింది. కూత ఆగదు, నోరు మూతపడదు, కానీ మాట మధ్యలో, రిఫరీకి అందకుండా, చిటికెడు గాలి లోపలికి లాగాలి. మేం దాన్ని దొంగ గుక్క అనేవాళ్ళం. నేనందులో అక్కని మించిపోయాను. ఇంగ్లీషు అంకెల్లో అది ఇంకా తేలిక. సిక్స్, సెవెన్ దగ్గర ఆ బుసకొట్టే శబ్దాన్ని బయటికి వదలకుండా లోపలికి లాగితే సరి. వినేవాళ్ళకి తేడా తెలియదు. మళ్ళీ సిక్స్‌టీన్ దగ్గర, సెవెంటీన్ దగ్గర.

"ట్వెంటీ ఫోర్! గుడ్ జాబ్!" అని నర్సు బొటనవేలు చూపించి రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట గడిచింది. ఈ సీసాల మందు పనిచేసేదాకా ఇలా నెట్టుకొస్తే చాలు, వెంటిలేటర్ గొట్టం తప్పుతుంది అనుకున్నాను. అదీ నా లెక్క. ఎంత పిచ్చి లెక్కో నాకప్పుడు తట్టలేదు. ఆమె వెళ్ళగానే ఆయాసం వచ్చేది. భుజాలతో సహా ఎగబోసి పీల్చేదాన్ని. మా ఆయన "ఏమైతుందే? గట్ల చేస్తున్నవేంది?" అని లేస్తే, "ఏం లేదు, దిండు సరిగ్గా లేదు," అనేదాన్ని. ఆయన దిండు సర్దేవాడు. పాపం ఎన్నిసార్లు సర్దాడో. నర్సు అడుగుల చప్పుడు వినబడితే నాకు చెమటలు పట్టేవి. పరీక్ష గట్టెక్కితే ఇంకో భయం పట్టుకునేది. ఈసారి గట్టెక్కాను, వచ్చేసారి? నా ఊపిరి నిజంగా ఎంతుందో ఆ ఆస్పత్రి మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. తెలిసిన నేనేమో అబద్ధమాడుతున్నాను.

మా అక్క రోజూ వీడియో కాల్ చేసేది. అక్కడ తెల్లవారేసరికి మాకిక్కడ సాయంత్రమయ్యేది. అక్క టీ పెట్టుకుంటూ ఫోన్ స్టవ్ పక్కన ఆనించేది, మా ఆయన ఇక్కడ నా మంచం బల్ల మీద ఫోన్ నిలబెట్టేవాడు. ఆ రోజు అక్క వాళ్ళాయన మీద ఏదో ఫిర్యాదు చెబుతుంటే నర్సు వచ్చింది. అక్కా ఒక్క నిమిషం అన్నాను. అక్క మాట ఆపి చూస్తూ ఉంది.

నర్సు నా పక్కన నిలబడి గోడగడియారం వైపు చూస్తోంది. నేను లెక్కపెట్టాను. సిక్స్ దగ్గర ఒకటి లాగాను. సెవెన్ దగ్గర చాలక ఇంకోటి లాగాను. ఎలాగోలా ఇరవై దాటించాను. నర్సు తల ఊపి తలుపు వైపు తిరిగింది.

"ఒసే," అంది అక్క ఫోన్లోంచి. "ఏందే అది?"

"ఏది?"

"సిక్సు కాడ ఏం చేశావు?"

"ఏం చేశాను? లెక్కపెట్టాను."

"నాకు చెప్పబాకు. నేను నేర్పిన దొంగతనం నాకు తెలవదా? దొంగ గుక్క తీస్తన్నావే నువ్వు!" అక్క స్టవ్ ఆపేసి ఫోన్ మొహానికి దగ్గరగా పట్టుకుంది. "మరిదిగారూ! ఆ నర్సమ్మని ఆపండి. పోనీయబాకండి. ఇది మోసం చేస్తంది."

"అక్కా, నీకు దణ్ణం పెడతా," అన్నాను. చేతులు లేవలేదు, మాటే. "చెప్పొద్దే. గొట్టం వేస్తారే. బాబాయిని చూశాం గదా. నేను మళ్ళీ రానే అక్కా."

అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే తిడుతోంది. "నోరు ముయ్యి, పిచ్చి మొహమా. కబడ్డీ అనుకున్నావా ఇది? ఇక్కడ అవుటైతే ఏమైద్దో తెలుసా నీకు?"

మా ఆయన నా మొహంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "నిజమేనా?" అన్నాడు. నేను కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. ఆయన నర్సుని పిలిచి, కబడ్డీ అంటే ఏమిటో, కూత అంటే ఏమిటో, గుక్క ఎలా దొంగిలిస్తారో కంగారులో తడబడే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. వేరే రోజైతే కడుపుబ్బా నవ్వేదాన్ని. ఆమెకి ఆటేమీ అర్థం కాలేదు, మోసం మాత్రం అర్థమైంది. వచ్చి నా ముక్కు కింద రెండు వేళ్ళు పెట్టింది. ఇంకో చెయ్యి నా మెడ కింద ఎముక మీద ఆనించింది. మళ్ళీ లెక్కపెట్టమంది.

వన్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్. సిక్స్ దగ్గర ఆమె కళ్ళు నా కళ్ళలోనే ఉన్నాయి. ఎయిట్ సగంలో తెగిపోయింది.

ఆమె చెయ్యి తియ్యకుండానే గోడ మీద మీట నొక్కింది.

పెద్ద డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చాడు. మా ఆయన బాబాయి సంగతి చెబితే విని, నాకు కోపమొచ్చేంత నిదానంగా మాట్లాడాడు. "మీ బాబాయికి ఊపిరితిత్తులే పాడయ్యాయి. మీ ఊపిరితిత్తులు బాగున్నాయి. వాటిని ఆడించే కండరాలకి కబురు అందడం లేదు, అంతే. కబురు మళ్ళీ అందేదాకా మెషీన్ ఆడిస్తుంది. ఇప్పుడు పెడితే నింపాదిగా, మత్తిచ్చి పెడతాం. మీ ఊపిరి ఆగిపోయాక పెట్టాల్సొస్తే పరిగెడుతూ పెట్టాలి. అప్పుడు ఏమవుతుందో నేను మాటివ్వలేను."

"ఇప్పుడు పెడితే... మాటిస్తారా?" అని అడిగాను. అంతమాత్రానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

ఆయన ఇస్తాననలేదు. "ఇప్పుడైతే నాకు చాలా తక్కువ భయం," అన్నాడు. డాక్టరు నోటి నుంచి భయమన్న మాట వినడం అదే మొదటిసారి. నేను తల ఊపాను.

గొట్టం వేశాక మాట రాదు, ఎన్నాళ్ళో తెలియదు, ఎవరితోనైనా మాట్లాడాలంటే ఇప్పుడే అన్నారు. మా ఆయన మా వాడికి ఫోన్ కలిపి నా చెవి పక్కన దిండు మీద పెట్టాడు. అప్పటికి ఒక్కో గుక్కకి రెండు మూడు మాటలే వస్తున్నాయి నాకు. వాటినెలా ఖర్చుపెట్టాలో ముందే అనుకున్నాను. బాగా తిను. నాన్న మాట విను. అమ్మ వచ్చేస్తుంది. ఏడవకుండా చెప్పాలి.

"హాయ్ అమ్మా! గెస్ వాట్!" అని మొదలుపెట్టాడు. ఆంటీ వాళ్ళింట్లో నూడుల్స్ చేశారట. క్లాసులో ఎవరిదో పన్ను ఊడిందట. వీడికి ఊడలేదట, కానీ కదులుతోందట. నేను వింటూ నా గుక్క దాచుకుంటున్నాను. ఉన్నట్టుండి వాడి గొంతు చిన్నదైంది.

"అమ్మా, ఐ యామ్ వాషింగ్ మై హ్యాండ్స్ ఎవ్రీ డే. చాలా సార్లు. సోప్‌తో. ఇప్పుడు నా దగ్గర జర్మ్స్ లేవు. సో యూ కెన్ కమ్ హోమ్ నౌ, ఓకే?"

మూలన కుర్చీలో ట్యాబ్ చూసుకుంటున్నాడనుకున్నాం. వాడన్నీ విన్నాడు. అమ్మకి జబ్బు తెచ్చింది తనేనని, తన చేతులు శుభ్రంగా లేవని అమ్మ ఇంటికి రావడం లేదని వారం రోజులుగా ఆ చిన్న బుర్రలో మోస్తున్నాడు.

దాచుకున్న మాటలన్నీ పక్కకి పోయాయి. "నీ వల్ల కాదు," అన్నాను. గొంతు పైకి రాలేదు.

"వాట్? ఐ కాంట్ హియర్ యూ."

నాకు తెలిసిన దొంగతనమంతా చేశాను. ముక్కుతో, నోటితో, భుజాలతో, ఎక్కడ దొరికితే అక్కడ గాలి లాగాను. నర్సు చూస్తూనే ఉంది. ఆపలేదు. "నీ వల్ల... కాదు... నాన్నా."

"అమ్మా? హలో? డాడీ, ఇట్స్ నాట్ వర్కింగ్," అంటున్నాడు వాడు. వెనక నుంచి ఆంటీ పిలుపు వినబడింది. "ఓకే బై అమ్మా, లవ్ యూ!" ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన మళ్ళీ కలపబోయాడు. నా పెదాలు నీలంగా మారుతున్నాయని నర్సు ఆయన చేతిని పక్కకి జరిపింది.

మెషీన్ మీద ఎన్ని వారాలున్నానో తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. మత్తు తగ్గించాక అన్నీ వినబడేవి. కళ్ళు తెరవాలన్నా మూయాలన్నా ఒక్కోరోజు నా చేతిలో ఉండేది కాదు. గొట్టం ఎక్కడైనా ఊడితే అలారం మోగేది, ఎవరో పరిగెత్తుకొచ్చేదాకా గాలి ఉండేది కాదు, అరవడానికి గొంతు ఉండేది కాదు. చచ్చిపోతానని భయమేసేది. రోజూ వేసేది. ఆ భయం కాస్త సద్దుమణిగితే రెండోది వచ్చేది. వాడు విన్నాడా? ఆ మాట వాడి చెవిన పడిందా? మా ఆయన వచ్చి చెయ్యి నిమురుతూ అవీ ఇవీ చెప్పేవాడు. నాకు అడగడానికి నోరు లేదు. ఆయనకేమో అది నాకు చెప్పాలని తెలియదు.

డాక్టరు అన్నట్టే నాలో కబురు మళ్ళీ అందడం మొదలైంది, పై నుంచి కిందికి. గొట్టం తీశారు. నన్ను నడక నేర్పే ఆస్పత్రికి మార్చారు. ఫ్లూ సీజను కాబట్టి పిల్లల్ని లోపలికి రానివ్వమన్నారు. పిల్లలు జర్మ్స్ తెస్తారని గుమ్మం మీద బొమ్మ వేసి మరీ అతికించారట. మా వాడు కారులో కూర్చుని ఆ బొమ్మ చూశాడట. గొంతు వచ్చిన మొదటి రోజే వాడికి ఫోన్ చేసి చెప్పాను, నీ వల్ల కాదు నాన్నా అని. ఆ తర్వాత రోజూ చెప్పాను. తెలుగులో చెప్పాను, వాడి ఇంగ్లీషులో చెప్పాను, డాక్టరు చేత కూడా చెప్పించాను. "ఐ నో అమ్మా," అనేవాడు ప్రతిసారీ. తెలిసిందనే అనుకున్నాను.

ఇంటికొచ్చిన రోజు మా ఆయన చక్రాల కుర్చీని గ్యారేజీ లోంచి హాల్లోకి తోశాడు. మా వాడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పొడుగయ్యాడు. ముందు పన్ను లేదు. చేతులు చాచాను. అప్పటికి చేతులు లేస్తున్నాయి. వాడు నా వైపు పరిగెత్తుకొచ్చి, అడుగు దూరంలో ఠక్కున ఆగిపోయాడు.

"వన్ మినిట్ అమ్మా," అని వెనక్కి తిరిగి బాత్రూంలోకి దూరాడు. కొళాయి తిప్పిన చప్పుడు వినబడింది. ఎంతసేపటికీ కట్టడే.

"ఒరేయ్, చాలు! ఇక రారా!" అని అరిచాను. ఆ నీళ్ళ చప్పుడులో వాడికి వినబడలేదు.